బ్లూజేతో ఆబ్జెక్ట్ ఓరియెంటెడ్ ప్రోగ్రామింగ్: కొన్నేళ్లు వాడాక రాస్తున్న సమీక్ష

బీటెక్ రెండో ఏడాది విద్యార్థులకు జావా ల్యాబ్ నిర్వహించే అధ్యాపకుడిగా జావా ప్రోగ్రాములు రాసి నడిపేందుకు, బోధన కోసమే తయారైన బ్లూజే అనే సాఫ్ట్‌వేర్‌ను కొన్నేళ్లుగా వాడుతున్నాను. క్లాస్ అనే నమూనా నుంచి ఆబ్జెక్టులు తయారుచేసి వాటితో ప్రోగ్రామ్ కట్టే ఆబ్జెక్ట్ ఓరియెంటెడ్ ప్రోగ్రామింగ్ నేర్చుకునే తొలి నాలుగైదు వారాల్లో దీనికి సాటి వచ్చే సాధనం నాకైతే కనిపించలేదు. ఆ వారాలు దాటిన తరువాత కూడా విద్యార్థిని ఇందులోనే ఉంచితే మాత్రం మేలు చేసిన సాధనమే అడ్డుపడుతుంది.

ఆస్ట్రేలియాలోని సిడ్నీ విశ్వవిద్యాలయంలో మైకేల్ కోలింగ్ బోధన కోసం బ్లూ అనే భాషను, దానికి తగిన పరిసరాన్ని రూపొందించారు. ఆ ఆలోచనలే జావాకు అనువుగా మారి 1999లో మోనాష్ విశ్వవిద్యాలయం నుంచి బ్లూజేగా వెలువడ్డాయి. 2009లో ఇది ఓపెన్ సోర్స్ అయింది. ప్రస్తుతం లండన్‌లోని కింగ్స్ కాలేజీ బృందం దీన్ని నిర్వహిస్తోంది. ఉచితంగా దొరుకుతుంది, పాత కంప్యూటర్ల మీద కూడా ఇబ్బంది లేకుండా నడుస్తుంది. విండోస్ ఇన్‌స్టాలర్‌లోనే జావా కోడ్‌ను కంపైల్ చేసి నడిపే జేడీకే కలిసి వస్తుంది కనుక పాత్ సెట్టింగులతో తొలి ల్యాబ్ మొత్తం కరిగిపోయే బాధ తప్పింది. ల్యాబ్ నడిపినవారికి ఈ ఒక్క వాక్యం విలువ తెలుస్తుంది.

మన దగ్గర విద్యార్థి మొదటి ఏడాది సీ భాష చదివి జావాకు వస్తాడు. ప్రోగ్రామ్ నడక మొదలయ్యే చోటైన పబ్లిక్ స్టాటిక్ వాయిడ్ మెయిన్ అనే వరుసతో పాఠం మొదలవుతుంది. ఆ ఒక్క వరుసలో యాక్సెస్ మాడిఫయర్, స్టాటిక్, స్ట్రింగుల అర్రే అన్నీ ఉన్నాయి, వాటిలో ఒక్కదాన్నీ ఆ రోజు వివరించలేం. "ఇప్పటికి ఇలాగే రాయండి, తరువాత చెప్తాను" అని దాటేస్తాం. దాంతో విద్యార్థి మెయిన్‌లోనే అంతా రాసి, మిగిలినది స్టాటిక్ మెథడ్లుగా విడగొట్టి, జావాలో సీ ప్రోగ్రామే రాస్తాడు. వైవాలో ఎన్‌క్యాప్సులేషన్, ఇన్‌హెరిటెన్స్, పాలిమార్ఫిజం, అబ్‌స్ట్రాక్షన్ నిర్వచనాలను తడుముకోకుండా ఒప్పజెప్తాడు గానీ, ఒకే క్లాస్ నుంచి వచ్చిన రెండు ఆబ్జెక్టులకు వేర్వేరు ఫీల్డులు (విలువలు దాచుకునే చోట్లు) ఉంటాయా అని అడిగితే ఆలోచనలో పడతాడు.

బ్లూజే ఈ క్రమాన్ని తలకిందులు చేస్తుంది. తెరిచిన వెంటనే కనిపించేది కోడ్ కాదు, క్లాసుల చిత్రం. కంపైల్ కాని క్లాస్ మీద ఏటవాలు గీతలుంటాయి, కంపైల్ చేయగానే అవి పోతాయి. నేను మొదటి ల్యాబ్‌లో బస్, కండక్టర్, రిజర్వేషన్ కౌంటర్ అనే మూడు చిన్న క్లాసులు ముందే రాసి ఇస్తాను. బస్ పెట్టె మీద రైట్ క్లిక్ చేసి, ఆబ్జెక్టును తయారుచేసే కన్‌స్ట్రక్టర్‌ను ఎంచుకుంటే ఆబ్జెక్టుకు పేరు, సీట్ల సంఖ్య అడుగుతుంది. 40 అని ఇస్తే కింద ఉండే ఆబ్జెక్ట్ బెంచి మీద ఎర్రటి పెట్టె వచ్చి కూర్చుంటుంది. మరోసారి చేస్తే మరో పెట్టె వస్తుంది. క్లాస్ పైన ఒక్కటే ఉంది, ఆబ్జెక్టులు కింద రెండున్నాయి. క్లాసుకూ ఆబ్జెక్టుకూ తేడా ఏమిటన్న ప్రశ్నకు ఇంతకు మించిన జవాబు బోర్డు మీద నేను ఎన్నడూ రాయలేకపోయాను.

అసలు పాఠం ఆ తరువాత ఉంది. ఒకే బస్ ఆబ్జెక్టును కండక్టర్‌కూ, రిజర్వేషన్ కౌంటర్‌కూ పారామీటరుగా ఇవ్వాలి. డైలాగ్ తెరిచి ఉండగా బెంచి మీది బస్ మీద క్లిక్ చేస్తే దాని పేరు దానంతట అదే చేరుతుంది. కౌంటర్ ఆబ్జెక్టు మెనూలోంచి టికెట్ ఇచ్చే మెథడ్‌ను పిలిచి, తరువాత కండక్టర్ మీద ఇన్‌స్పెక్ట్ నొక్కితే బస్ ఫీల్డులో సంఖ్య ఉండదు, ఒక బాణం గుర్తు ఉంటుంది. ఆ బాణం వెంట వెళితే ఖాళీ సీట్లు 39 అని కనిపిస్తుంది. కండక్టర్ ఏ టికెట్టూ ఇవ్వలేదు, అయినా అతని బస్సులో సీటు తగ్గింది. రిఫరెన్స్ అంటే ఏమిటో, రెండు వేరియబుల్స్ ఒకే ఆబ్జెక్టును చూపించడం అంటే ఏమిటో ఇక్కడ విద్యార్థి తనకు తానే పట్టుకుంటాడు. బస్ ఇవ్వకుండా కండక్టర్‌ను తయారుచేస్తే అదే ఫీల్డులో నల్ అని, అంటే ఏ ఆబ్జెక్టూ లేదని, ఉంటుంది. అప్పుడు ఏదైనా మెథడ్ పిలిస్తే నల్ పాయింటర్ ఎక్సెప్షన్ వచ్చి, తప్పు జరిగిన వరుసను ఎడిటర్ చూపిస్తుంది. ఏడాది పొడవునా వేధించే ఆ ఎక్సెప్షన్‌ను మొదటి వారంలోనే కారణంతో సహా చూడటం చిన్న లాభమేమీ కాదు.

ఈ దశలో తప్పకుండా వచ్చే ప్రశ్న "సార్, మెయిన్ ఎక్కడ ఉంది?" అనేది. ఆ ప్రశ్న వచ్చిందంటే పాఠం సరైన దారిలో నడుస్తోందని నా లెక్క.

ఇన్‌హెరిటెన్స్ దగ్గర కూడా బెంచి బాగా ఉపయోగపడుతుంది. సబ్‌క్లాస్ ఆబ్జెక్టు మెనూలో పై నుంచి సంక్రమించిన మెథడ్లు విడిగా ఉపమెనూలో ఉంటాయి, ఓవర్‌రైడ్ చేసినవాటి పక్కన ఏ క్లాస్‌లో తిరిగి రాశారో గుర్తు ఉంటుంది. పాలిమార్ఫిజానికి వచ్చేసరికి బెంచి తేలిపోతుంది. కన్‌స్ట్రక్టర్‌తో చేసిన ఆబ్జెక్టు బెంచి మీద తన అసలు క్లాస్ పేరుతోనే ఉంటుంది కాబట్టి, వేరియబుల్ ప్రకటించిన టైప్ ఒకటి, దానిలో ఉన్న ఆబ్జెక్టు టైప్ మరొకటి అన్న కీలకమైన తేడా అక్కడ కనిపించే అవకాశమే లేదు. దాన్ని కోడ్‌లోనే చూపించాలి. అందుకు కోడ్‌ప్యాడ్ పనికొస్తుంది: ఒక్కో వరుస టైప్ చేస్తూ ఫలితం వెంటనే చూడవచ్చు, ఫలితం ఆబ్జెక్టు అయితే దాన్ని లాగి బెంచి మీద పెట్టుకోవచ్చు. డీబగ్గర్ సాదాసీదాగా ఉంటుంది, ఈ స్థాయికి అది చాలు.

చిరాకు పెట్టే విషయాలు లేకపోలేదు. ఏ క్లాస్‌లోనైనా చిన్న మార్పు చేసి మళ్లీ కంపైల్ చేస్తే బెంచి మీద ఉన్న ఆబ్జెక్టులన్నీ తుడిచిపెట్టుకుపోతాయి. సాంకేతికంగా కారణం సబబైనదే అయినా, ఆరు ఆబ్జెక్టులు ఓపికగా కట్టుకున్న విద్యార్థికి అది ఓదార్పు కాదు. వాటిని యూనిట్ టెస్ట్ ఫిక్స్‌చర్‌గా, అంటే పరీక్షల కోసం ముందే సిద్ధంగా ఉంచే ఆబ్జెక్టులుగా, భద్రపరిచే సదుపాయం ఉంది, కానీ దాన్ని మనం ప్రత్యేకంగా చూపించాలి. క్లాసులు ఇరవై దాటితే చిత్రం బాణాల చిక్కుముడి అవుతుంది. బయటి లైబ్రరీలతో, మావెన్ వంటి బిల్డ్ పద్ధతులతో పని పడినప్పుడు ఇది సరిపోదు. మొదటిసారి తెరిచినప్పుడు పరిశోధన కోసం వాడకపు సమాచారం పంపవచ్చా అని అనుమతి అడుగుతుంది. 2013 నుంచి నడుస్తున్న బ్లాక్‌బాక్స్ అనే పరిశోధన కోసం అది. ల్యాబ్‌లో అందరూ చదవకుండానే ఏదో ఒకటి నొక్కేస్తారు కాబట్టి అధ్యాపకుడే ముందుగా వివరించడం మంచిది.

మన పరీక్షా విధానంతో ఉన్న పేచీ వేరు. ల్యాబ్ రికార్డులో ప్రోగ్రామ్, దాని కింద అవుట్‌పుట్ ఉండాలి. బెంచి మీద ఎంత నేర్చుకున్నా రికార్డులో అతికించడానికి అవుట్‌పుట్ ఉండదు, ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్ మెయిన్ ఉన్న ప్రోగ్రామే అడుగుతారు. ఐసీఎస్ఈ బడుల నుంచి వచ్చే పిల్లల సంగతి మరీ విచిత్రం. వారు బ్లూజేను బడిలోనే వాడి ఉంటారు, "మాకు ఇది తెలుసు సార్" అని ధీమాగా కూర్చుంటారు. తీరా చూస్తే చాలామందికి తెలిసినది వాయిడ్ మెయిన్ మీద రైట్ క్లిక్ చేయడం ఒక్కటే, ఆబ్జెక్ట్ బెంచిని ఏనాడూ ముట్టుకుని ఉండరు. సాధనం మారినంత మాత్రాన పాఠం మారదనడానికి వారే సాక్ష్యం.

2025 సెప్టెంబరులో వచ్చిన జావా 25లో క్లాస్ ప్రకటన, స్టాటిక్ ఏవీ లేకుండా వాయిడ్ మెయిన్ ఒక్కటే రాసి ప్రోగ్రామ్ నడిపే వీలు స్థిరపడింది. దీంతో బ్లూజే అవసరం తీరిపోయిందని కొందరు అంటున్నారు. నేను ఒప్పుకోను. ఆ మార్పు మొదటి ప్రోగ్రామ్‌ను తేలిక చేసింది, ఆబ్జెక్టును కంటికి కనిపించేలా చేయలేదు.

నేను ఇంటర్‌ఫేస్‌ల పాఠం పూర్తవగానే విద్యార్థులను పరిశ్రమలో వాడే ఇంటెలిజే అనే సాధనానికి మారుస్తాను. మారడం కష్టం కాదు: బ్లూజే ప్రాజెక్టు అంటే ఒక ఫోల్డరే, అందులోని జావా ఫైళ్లను తీసుకుని ప్యాకేజ్ డాట్ బ్లూజే, సీటెక్స్‌ట్ ఫైళ్లను వదిలేయవచ్చు. కొత్త చోట వారికి ఇచ్చే మొదటి పని, అంతవరకు రైట్ క్లిక్‌తో చేసిన బస్, కౌంటర్, కండక్టర్ వ్యవహారమంతా నడిచేలా మెయిన్ మెథడ్‌ను తామే రాయడం. అప్పటికి ఆ వరుసలో స్టాటిక్ ఎందుకుందో చాలామంది నన్ను అడగరు, ఒకరికొకరు చెప్పుకుంటారు.