క్యాన్సర్ చికిత్స ముగిసిన యువతతో రెసిస్టెన్స్ బ్యాండ్లు: చాలాకాలం వాడాక మా అభిప్రాయం

హన్మకొండలో, చికిత్స పూర్తయిన 15 నుంచి 30 ఏళ్ల వాళ్ల బృందంలో ఫిజియో పర్యవేక్షణలో వాడుతున్న బ్యాండ్ల గురించి ఈ సమీక్ష. పిడులున్న ట్యూబుల సంగతి ఇక్కడ చెప్పడం లేదు. ఇవి లాగితే సాగే, వెడల్పాటి పట్టీలా ఉండే లేటెక్స్ (సహజ రబ్బరు) రకం, ఒక్కోటి 1.5 మీటర్ల పొడవు, 15 సెంటీమీటర్ల వెడల్పు. వస్తువు మంచిదే. కానీ ఇంటికి ఇచ్చి పంపితే కొన్ని వారాలకే మేకుకు వేలాడుతుంది. ఇద్దరిద్దరిని జత చేసి, ఒకరు లాగుతుంటే ఇంకొకరు లెక్కపెట్టే పద్ధతి పెట్టాకే వ్యాయామం నిలబడింది.

పసుపు, ఎరుపు, ఆకుపచ్చ, నీలం. ఈ వరుసలో బిగువు పెరుగుతుంది. థెరాబ్యాండ్ కంపెనీ లెక్క ప్రకారం రెట్టింపు పొడవుకు లాగితే పసుపుది దాదాపు 1.3 కిలోల బలం, ఎరుపుది 1.7, ఆకుపచ్చది 2.1. మిగతా కంపెనీల రంగులు ఇదే వరుసలో ఉంటాయన్న నమ్మకం లేదు, లాగి చూసే ఎంచుకోవాలి. పది పన్నెండు సార్లు లాగితే చివరి రెండు కష్టమనిపించాలి, అయినా ఊపిరి బిగబట్టకూడదు. 15 సార్లు సులువుగా వచ్చేస్తుంటే పై రంగుకు వెళ్లొచ్చు. వారానికి రెండు రోజులు, ఒక్కో కదలిక రెండు సెట్లు, నడుమ కనీసం ఒక రోజు ఖాళీ. అమెరికన్ కాలేజ్ ఆఫ్ స్పోర్ట్స్ మెడిసిన్ పిలిచిన నిపుణులు 2019లో చెప్పింది కూడా దాదాపు ఇదే: వారానికి మూడుసార్లు అరగంట చొప్పున మోస్తరు వేగంతో నడక లాంటి వ్యాయామం, రెండుసార్లు కండరాల బలానికి. చికిత్స తర్వాత వదలని నీరసం విశ్రాంతితో తగ్గదు, కదిలితేనే తగ్గుతుంది. "ఇంకొన్నాళ్లు పండుకో బిడ్డా" అనే ఇంటివాళ్లకు ఈ మాట ఓపికగా, మళ్లీ మళ్లీ చెప్పాల్సి వస్తుంది.

బ్యాండ్ చేతికిచ్చే ముందు డిశ్చార్జ్ సమ్మరీ తెప్పించుకుని చదవాలి. ఇందులో రాజీ వద్దు. డాక్సోరూబిసిన్, డానోరూబిసిన్ అనే కీమో మందులు ఎక్కించుకున్న వాళ్లకు గుండె కండరం బలహీనపడే అవకాశం ఉంది, అది ఏళ్ల తర్వాత కూడా బయటపడొచ్చు. ఎకో (గుండె స్కానింగ్) రిపోర్టు చూసి డాక్టర్ సరేనన్నాకే మొదలుపెట్టాలి. విన్‌క్రిస్టిన్ అనే కీమో మందు పడ్డ వాళ్లకు పాదాల్లో తిమ్మిరి, మడమ మీద నిలబడలేకపోవడం, నడిచేటప్పుడు పాదం ముందుభాగం నేలకు ఈడ్చుకుపోవడం కనిపిస్తాయి. వీళ్ల పాదానికి బ్యాండ్ తగిలిస్తే జారిన సంగతి వాళ్లకు తెలియదు, జారిన బ్యాండ్ నేరుగా మొహానికి కొడుతుంది. అందుకే కుర్చీలో కూర్చోబెట్టి, బూట్లతో, పాదం చుట్టూ రెండు చుట్లు వేసి చేయించాలి. లుకేమియాలో (రక్త క్యాన్సర్‌లో) స్టెరాయిడ్లు ఎక్కువకాలం వాడిన వాళ్లు గజ్జల్లో నొప్పి అన్నా, కుంటుతున్నా ఆ రోజే ఆపేసి ఆర్థోకు చూపించాలి. తుంటి ఎముకకు రక్తం అందక అది దెబ్బతింటూ ఉండొచ్చు, గుంజీలూ గెంతులూ దాన్ని ఇంకా చెడగొడతాయి. ఎముక క్యాన్సర్‌కు మోకాలి దగ్గర లోహపు కీలు వేసిన వాళ్లకు పరుగెత్తడం, దూకడం పూర్తిగా వద్దు. ప్రధాన చికిత్స ముగిసినా ఇంకా మందులు మింగుతున్న వాళ్లలో ప్లేట్‌లెట్లు 50 వేల కంటే తక్కువుంటే బ్యాండ్ పక్కన పెట్టి మెల్లగా నడిపిస్తే చాలు. జ్వరం 38 డిగ్రీల సెల్సియస్ దాటితే వ్యాయామం మాట మరిచి ఆసుపత్రికి ఫోన్ చేయాలి. ఛాతీలో పోర్ట్ (మందులు ఎక్కించడానికి చర్మం కింద అమర్చే చిన్న పరికరం) ఇంకా ఉంటే ఆ వైపు చేయి తలపైకి లాగే కదలికలకు డాక్టర్ అనుమతి కావాలి.

ఇక బ్యాండ్ల లోపాలు. మన దగ్గర ఎండే వీటికి మొదటి శత్రువు. మే నెలలో బండి డిక్కీలో వదిలేస్తే రబ్బరు జిగురెక్కి మడతలు అంటుకుపోతాయి. కొబ్బరినూనె చేతులు కూడా పాడుచేస్తాయి. ఉత్తి నీళ్లతో కడిగి, నీడన ఆరబెట్టి, కాస్త టాల్కం పౌడర్ చల్లి పెట్టాలి. తెగేది ఎక్కువగా ముడి దగ్గరే, అందుకే ముడి వేయకుండా అరచేతికి చుట్టుకోవాలి. గ్రౌండ్ రెయిలింగ్‌కు తగిలించేటప్పుడు మధ్యలో తువ్వాలు పెట్టకపోతే ఇనుప అంచు కోసేస్తుంది. వాడే ముందు ప్రతిసారీ వెలుతురుకు సాగదీసి చూడాలి, గుండుసూదంత చిల్లి కనిపించినా పారేయాలి. ఎక్కువ ఆపరేషన్లు అయిన వాళ్లలో లేటెక్స్ అలర్జీ ఉండొచ్చు. దురద, దద్దుర్లు వస్తే లేటెక్స్ లేని రకమే కొనాలి.

బ్యాండ్ లేని రోజుల్లో భద్రకాళి చెరువు బండ్ మీద నడక బాగా కుదిరింది. ఎండాకాలం ఆరింటికే మొదలుపెట్టాలి. మాట్లాడగలగాలి, పాట పాడలేకపోవాలి, వేగానికి అదే కొలత. జతలో నెమ్మదిగా నడిచేవాళ్ల వేగమే ఇద్దరి వేగం. మర్నాడు పొద్దున మామూలుకంటే ఎక్కువ అలసట ఉంటే, తర్వాతి నడక సగం చేయాలి.

వార్మప్‌కు బతుకమ్మ అడుగులు మాకు బాగా నచ్చాయి. గుండ్రంగా నడుస్తూ, వంగి చప్పట్లు కొట్టడంలో భుజం, నడుము, కాళ్లు అన్నీ కదులుతాయి. కడుపు ఆపరేషన్ అయిన వాళ్లు వంగకుండా నిలబడే చప్పట్లు కొడతారు. అబ్బాయిలు మొదట్లో బెట్టు చేస్తారు, రెండోవారానికి వాళ్లే లైన్ కడతారు. అయిపోయాక క్యారమ్స్, టీ. ఆ సమయానికి కోత పెట్టొద్దు. కాలేజీలో మళ్లీ చేరాలా, మందులు వాడిన సంగతి ఫ్రెండ్స్‌కు చెప్పాలా లాంటివన్నీ అక్కడే బయటికొస్తాయి. అమ్మానాన్నలు దూరంగా కూర్చోవాలి. "ఏ స్టేజ్?" అన్న ప్రశ్న ఎవరూ అడగకూడదన్నది ఈ బృందంలో ఒక్కటే నియమం. రోగనిరోధక శక్తి ఇంకా కోలుకోని వాళ్లకు గది లోపల గుంపు కంటే ఆరుబయటే మేలు, దగ్గు జలుబు ఉన్నవాళ్లు ఆ వారం రావొద్దని అందరికీ ముందే చెప్పాలి.

కొనాలనుకుంటే ముందు పసుపు, ఎరుపు రెండూ చాలు. సన్నటి లూప్ బ్యాండ్లు (గుండ్రంగా అతికి ఉండేవి) వద్దు, తిమ్మిరి ఉన్న చర్మం మీద గుర్తులు పడతాయి. పది మంది బృందానికి ఆరు పసుపు, నాలుగు ఎరుపు, తెగితే వేయడానికి రెండు అదనంగా తీసుకుంటే సరిపోతుంది.