చారలు రావంటూ గర్భిణులకు అమ్ముతున్న క్రీము విషయంలో జాగ్రత్త: బెంగళూరులోని తెలుగు అక్కచెల్లెళ్లకు ఒక హెచ్చరిక

నేను బెంగళూరు మారతహళ్లి ప్రాంతంలో ఉంటున్నాను. ప్రస్తుతం నాకు ఎనిమిదో నెల. రెండు నెలల క్రితం మా అపార్టుమెంటు ఆవరణలో శని, ఆదివారాల్లో పెట్టిన స్టాళ్లలో ఒకదాని దగ్గర, గర్భిణుల పొట్ట మీద చారలు రాకుండా చేస్తుందని చెప్పిన క్రీమును, దానికి జతగా ఇచ్చిన నూనె సీసాను కలిపి 2,850 రూపాయలకు కొన్నాను. ఫిర్యాదు ఇంకా నడుస్తున్నందున విక్రేత పేరు గాని, బ్రాండు పేరు గాని రాయడం లేదు. ఇటువంటి స్టాళ్లు వైట్‌ఫీల్డ్, సర్జాపుర రోడ్డు వైపు అపార్టుమెంట్లలోనూ తరచుగా పెడుతుంటారు కనుక, నాకు జరిగినది మరొక గర్భిణికి జరగకూడదన్న ఆందోళనతో ఈ వివరాలు రాస్తున్నాను.

మా అమ్మకూ అక్కకూ కాన్పుల తరువాత పొట్ట మీద, తొడల మీద చారలు మిగిలిపోయాయి. అందువల్ల నాకు మొదటి నుంచీ ఆ భయం ఉంది. స్టాలులో ఉన్నావిడ నాతో తెలుగులోనే మాట్లాడి, తమది నెల్లూరని చెప్పి, ఆరో నెలలో మొదలుపెడితే ఒక్క చార కూడా రాదని, అందులో బాదం నూనె, కుంకుమపువ్వు తప్ప మరేమీ లేవని హామీ ఇచ్చారు. ఊరుగాని ఊళ్లో మన భాష వినబడేసరికి నేను తొందరగా నమ్మేశాను. బిల్లు అడిగితే, ఫోనులో వచ్చిన యూపీఐ మెసేజే బిల్లు అన్నారు. అక్కడే ఆగిపోయి ఉండవలసింది.

రాత్రిపూట రాయడం మొదలుపెట్టిన తొమ్మిదో రోజుకు నడుము పక్కల చర్మం ఎర్రబడి, మంట పుట్టి, పొట్టు లేవడం మొదలైంది. ఫోను చేస్తే, పాత చర్మం పోయి కొత్తది వస్తోందని, కాస్త ఎక్కువగా రాయమని చెప్పారు. ఆ రాత్రి నూనె జిడ్డు అంటిన డబ్బాను వేడినీటి గుడ్డతో తుడుస్తుండగా, ఆకుల బొమ్మలున్న ఆ అందమైన స్టిక్కరు అంచు పైకి లేచింది. మెల్లగా లాగితే దాని కింద అసలు లేబులు కనిపించింది. అందులో సన్నని అక్షరాలతో రెటినైల్ పామిటేట్ అనే పేరు, ఆఖరి వరుసలో గర్భిణులు వాడరాదన్న సూచన ఉన్నాయి. గర్భిణులకని చెప్పి అమ్మిన వస్తువు మీద, గర్భిణులు వాడకూడదన్న మాటను స్టిక్కరుతో కప్పివేశారు. అది చదివిన తరువాత తెల్లవారేదాకా నాకు నిద్ర పట్టలేదు.

మరునాడు నన్ను పరీక్షించిన గైనకాలజిస్టు మొట్టమొదట అడిగిన ప్రశ్న, అరచేతుల్లోనూ అరికాళ్లలోనూ దురద ఉందా అని. దద్దుర్లేవీ లేకుండా అక్కడ దురద పుట్టి, రాత్రిళ్లు ఎక్కువవుతుంటే అది గర్భిణులకు వచ్చే కాలేయ సమస్య కావచ్చునని, దానివల్ల కడుపులోని బిడ్డకు ప్రమాదం ఉంటుందని చెప్పి, లివర్ పరీక్షతో పాటు పిత్తామ్లాల (బైల్ యాసిడ్స్) పరీక్ష కూడా చేయించారు. నా ఫలితాలు సవ్యంగానే వచ్చాయి. పొట్ట సాగుతోంది కాబట్టి దురద మామూలే అనుకుని ఎవరూ ఊరుకోవద్దని ఇంత వివరంగా చెబుతున్నాను.

రెటినైల్ పామిటేట్ విటమిన్ ఎ జాతికి చెందినది. ఆ కుటుంబానికే చెందిన, మొటిమలకు వాడే ఐసోట్రెటినోయిన్ మాత్రలు గర్భస్థ శిశువుకు తీవ్రమైన హాని చేస్తాయని రుజువైంది కనుక, రెటినాల్, ట్రెటినోయిన్ వంటి పేర్లున్న పైపూత మందులను కూడా ముందుజాగ్రత్తగా గర్భిణులు మానుకోవాలని వైద్యులు చెబుతారు. చర్మం గుండా ఒంట్లోకి వెళ్లేది చాలా తక్కువేనని, కొద్ది రోజులు రాసినంత మాత్రాన భయపడనవసరం లేదని మా డాక్టరుగారు నాకు ధైర్యం చెప్పి, ఆ క్రీమును వెంటనే ఆపించారు.

తరువాత కలిసిన చర్మ వైద్యురాలు చెప్పిన మాట నా కళ్లు తెరిపించింది. చారలు పైచర్మంలో కాక, దాని కింది పొరలో సాగే నారపోగులు దెబ్బతినడం వల్ల వస్తాయి. వంశపారంపర్యం, తక్కువ వయసు, బరువు వేగంగా పెరగడం అందుకు ముఖ్య కారణాలు. పైపూత క్రీములపై జరిగిన 6 అధ్యయనాలను, దాదాపు 800 మంది స్త్రీల వివరాలను 2012లో వైద్య అధ్యయనాలను బేరీజు వేసే కొక్రేన్ సంస్థ సమీక్షించినప్పుడు, వాటివల్ల చారలు ఆగుతాయనడానికి గట్టి ఆధారం దొరకలేదు. కాబట్టి గ్యారంటీ అన్న మాట ఎవరి నోట వచ్చినా అది అబద్ధమే. కొబ్బరి నూనె గాని, వాసన లేని మామూలు మాయిశ్చరైజర్ గాని పొడిదనాన్ని, దురదను తగ్గిస్తుంది. దాని నుంచి ఆశించవలసింది అంతే. ఎర్రగా వచ్చిన చారలు కాన్పయ్యాక నెలలు గడిచేకొద్దీ తెల్లబడి వెలిసిపోతాయి.

మందుల షాపులో దురదకని చేతికిచ్చే ట్యూబుల విషయంలోనూ జాగ్రత్త అవసరం. క్లోబెటసాల్ వంటి ఘాటైన స్టెరాయిడ్లను ఎక్కువ కాలం రాస్తే చర్మం పలచబడి, ఆ మందువల్లే చారలు వస్తాయి. అటువంటి 14 పైపూత స్టెరాయిడ్లను ప్రభుత్వం 2018లో డాక్టరు చీటీ లేనిదే అమ్మకూడని మందుల జాబితాలో చేర్చింది.

కొనే ముందు డబ్బా మీద పదార్థాల జాబితా, తయారీదారు చిరునామా, లైసెన్సు నంబరు, బ్యాచ్ నంబరు, గడువు తేదీ ఉన్నాయో లేదో చూడండి. స్టిక్కరు మీద స్టిక్కరు ఉంటే అక్కడే తీసి చూపించమని అడగండి. తీయడానికి ఒప్పుకోకపోతే కొనకండి.

మూత తీసిన డబ్బాను వెనక్కు తీసుకోబోమని స్టాలువారు చెప్పి, ఆ తరువాత నా నంబరును వాట్సాప్‌లో బ్లాక్ చేశారు. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోను చేసి ఫిర్యాదు నమోదు చేయించాను. బిల్లు లేకపోవడం వల్ల చెల్లింపు వివరాలు, స్టిక్కరు ఫొటోలు, వాట్సాప్ సంభాషణ జతచేయవలసి వచ్చింది. డబ్బాను, ఊడివచ్చిన స్టిక్కరును కవరులో భద్రపరిచాను. ఈ మధ్య మీ అపార్టుమెంటు స్టాలులో ఇటువంటి జత కొన్నవారు ఉంటే, ముందు వాడకం ఆపి, స్టిక్కరు కింద ఏముందో చూసి, డబ్బాను పారవేయకుండా దాచి, మీరు కూడా 1915కు ఫిర్యాదు చేయండి.