‘రన్’ ఒక్కదానికే 645 అర్థాలు: ఆక్స్‌ఫర్డ్ ఇంగ్లీష్ డిక్షనరీ ఆన్‌లైన్ సేవపై ఒక సమీక్ష

నిఘంటువు గొప్పదనాన్ని అందులో దొరికే అరుదైన పదాలను బట్టి అంచనా వేసే అలవాటు చాలామందికి ఉంది. నా దృష్టిలో అది సరైన కొలమానం కాదు. అరుదైన పదానికి సాధారణంగా ఒకటో రెండో అర్థాలు ఉంటాయి కాబట్టి, ఓపిక ఉన్న సంపాదకుడెవరైనా దాన్ని సరిగానే వివరించగలడు. నిఘంటుకారుడి సత్తా నిజంగా తేలేది రన్, సెట్, పుట్, టేక్, గెట్ వంటి చిన్న క్రియల దగ్గర. రోజూ అందరి నోళ్లలో నానే ఈ మాటలకు అర్థాలు ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తాయో చెప్పడమే కష్టం. అందుకే ఆక్స్‌ఫర్డ్ ఇంగ్లీష్ డిక్షనరీ ఆన్‌లైన్ సేవను సమీక్షించడానికి ‘రన్’ అనే క్రియను ప్రధానంగా ఎంచుకుని, దాని కింద ఇచ్చిన వివరణను శ్రద్ధగా చదివి, విద్యార్థుల కోసం తయారైన నిఘంటువుల్లో అదే పదానికి ఇచ్చిన వివరణలతో పోల్చి చూశాను.

ఇటువంటి పదాలు నిఘంటుకారులను మొదటి నుంచీ పరీక్షిస్తూనే ఉన్నాయి. 1755లో వెలువడిన శామ్యూల్ జాన్సన్ నిఘంటువు ‘టేక్’ అనే ఒక్క క్రియకు 134 అర్థాలు ఇచ్చింది. జేమ్స్ మర్రే సంపాదకత్వంలో 1884లో తొలి భాగం వెలువడి, ఆయన మరణానంతరం 1928లో పూర్తయిన ఆక్స్‌ఫర్డ్ నిఘంటువు ఆ పనిని మరింత విస్తృతంగా చేపట్టింది. 1989లో 20 సంపుటాలుగా వచ్చిన రెండవ ముద్రణలో అన్నిటికంటే పొడవైన వివరణ ‘సెట్’ అనే క్రియది. దానికి దాదాపు 60,000 మాటలు పట్టాయి. 2000 మార్చిలో నిఘంటువు ఆన్‌లైన్‌లోకి వచ్చి, పదాలన్నిటినీ కొత్తగా సవరించే పని సాగుతున్న కొద్దీ ఆ స్థానం మొదట ‘మేక్’కు, తరువాత ‘పుట్’కు, చివరకు 2011లో ‘రన్’కు దక్కింది. ఈ క్రియకు 645 అర్థాలు లెక్కతేలాయి. నిఘంటుకారుడు పీటర్ గిల్లివర్ ఈ ఒక్క పదం మీద తొమ్మిది నెలలు పనిచేశారు.

ఆ అంకె పత్రికల్లో బాగా ప్రచారమైంది గానీ, దానికి అవసరానికి మించిన విలువ ఇవ్వకూడదు. ఇంగ్లీషు మాతృభాషగా గలవారెవరూ 645 అర్థాలను వేర్వేరుగా కంఠస్థం చేసి మాట్లాడరు. నది పారడం, కన్నీరు కారడం, ముక్కు కారడం ఒకే అర్థమా, మూడు అర్థాలా అన్నది సంపాదకుడు ఎంత సూక్ష్మంగా విడదీస్తాడన్న దానిపై ఆధారపడి ఉంటుంది. విద్యార్థి నిఘంటువు వీటిని ఒకటి రెండు పద్దుల్లో సర్దేస్తే, ఆక్స్‌ఫర్డ్ నిఘంటువు ప్రవహించేది ఏమిటి, దేని నుంచి ప్రవహిస్తోంది, ఏ పాత్ర నిండి పొర్లుతోంది అని విడివిడిగా చూస్తుంది. కాబట్టి ఈ సేవను అర్థాల లెక్కతో కాక, ఆ అర్థాల మధ్య సంబంధాన్ని అది ఎంత స్పష్టంగా చూపిస్తోందన్న దానితో అంచనా వేయాలి. ఆ విషయంలో దీనికి సాటి రాగల నిఘంటువు నాకు కనబడలేదు.

పదం పుట్టుకను వివరించే వ్యుత్పత్తి భాగంతోనే ఆ సంగతి తెలిసిపోతుంది. నేటి ‘రన్’ వెనుక పాత ఇంగ్లీషులో రెండు వేర్వేరు క్రియలు ఉన్నాయి. ఒకటి తానే పరుగెత్తడం, పారడం అనే అకర్మక క్రియ. రెండవది మరొక దాన్ని పరుగెత్తించడం, గుర్రాన్ని దౌడు తీయించడం అనే ప్రేరణార్థక క్రియ. కాలక్రమంలో ఈ రెండూ ఒకదానిలో ఒకటి కలిసిపోయాయి. ఈ పదంలో ఇప్పుడున్న అచ్చు (స్వరధ్వని) కూడా మొదట వర్తమానకాల రూపంలోది కాదు. భూతకాల కృదంతం (పాస్ట్ పార్టిసిపుల్) నుంచి పాకి మొత్తం క్రియకు స్థిరపడింది. తెలుగులో మనం నడుచు, నడుపు అనీ, పారు, పారించు అనీ రెండు రూపాలను ఇప్పటికీ విడిగా ఉంచుకున్నాం. ఇంగ్లీషు ఆ తేడాను పోగొట్టుకుని, ఒకే రూపంతో రెండు పనులూ చేయించుకుంటోంది. బస్సు ‘రన్’ అవుతుంది, యజమాని బస్సును ‘రన్’ చేస్తాడు. నీరు ‘రన్’ అవుతుంది, స్నానపు తొట్టిలోకి నీటిని ‘రన్’ చేస్తారు. ఈ పదానికి ఇన్ని అర్థాలు ఎందుకు పుట్టాయన్న ప్రశ్నకు సగం సమాధానం ఈ వ్యుత్పత్తి భాగంలోనే ఉంది. చాలామంది దాన్ని దాటేసి నేరుగా అర్థాల దగ్గరికి వెళ్తారు. అలా వెళ్లవద్దని నా మనవి.

అర్థాలను శాఖలుగా, శాఖల కింద ఉపశాఖలుగా అమర్చి, ప్రతి అర్థానికీ దొరికిన తొలి ప్రయోగం నుంచి తేదీలతో సహా ఉదాహరణలు ఇవ్వడం ఈ నిఘంటువు పద్ధతి. ‘రన్’ విషయంలో ఈ పద్ధతి అద్భుతంగా పనిచేసింది. కాళ్లతో వేగంగా సాగడం నుంచి ద్రవాలు పారడం, ఓడ గాలివాటున సాగడం దాకా ఊహించడం ఎవరికైనా తేలికే. ఆ తరువాతి అడుగే నాకు అన్నిటికంటే ఆసక్తికరంగా అనిపించింది. దారి నది వెంబడి ‘రన్’ అవుతుంది, గోడ తోట చుట్టూ ‘రన్’ అవుతుంది, భయం వెన్నులో ‘రన్’ అవుతుంది అంటారు. మొదటి రెండింటిలో కదిలేదేమీ లేదు. దాన్ని వెంబడించే మన చూపే కదులుతోంది. అక్కడి నుంచి మాట స్థలాన్ని వదిలి కాలంలోకి ప్రవేశిస్తుంది. కౌలు ఒప్పందం ఇన్నేళ్లు ‘రన్’ అవుతుంది, నాటకం ఇన్ని వారాలు ‘రన్’ అవుతుంది, ఒక లక్షణం కుటుంబంలో తరతరాలుగా ‘రన్’ అవుతుంది. యంత్రాలు వచ్చాక అవి ‘రన్’ కావడం మొదలైంది. రైళ్లు వేళకు ‘రన్’ అయ్యాయి. తరువాత కంప్యూటర్ ప్రోగ్రాములను ‘రన్’ చేశారు. పారిశ్రామిక విప్లవం ఈ పదానికి ఇచ్చిన విస్తృతి ఎంతటిదో యంత్రాలకు సంబంధించిన భాగాన్ని తేదీలు చూస్తూ చదివినవారికి బోధపడుతుంది. సంస్థను నిర్వహించడం, పత్రికలో వార్తను ప్రచురించడం, ఎన్నికల్లో పోటీ చేయడం వంటివి కూడా ఇలా ఒకదాని పక్కన ఒకటి చేరినవే.

ప్రాంతీయ భేదాలను కూడా నిఘంటువు శ్రద్ధగా సూచిస్తుంది. ఎన్నికల్లో పోటీ చేసే వ్యక్తి విషయంలో అమెరికాలో ‘రన్’ అంటే, బ్రిటన్‌లో సంప్రదాయంగా ‘స్టాండ్’ అంటారు. మేజోడులో పోగు తెగి చారలాగా సాగితే అమెరికన్లకు అది ‘రన్’, బ్రిటిష్ వారికి ‘ల్యాడర్’. నామవాచకంగా ‘రన్’కు వేరే పద్దు ఉంది. క్రికెట్ పరుగు, బేస్‌బాల్ పరుగు, డిపాజిటర్లందరూ ఒక్కసారిగా బ్యాంకు మీద పడి డబ్బు వెనక్కి తీసుకోవడం, కోళ్లు తిరిగే కంచె ఆవరణ, సంగీతంలో వేగంగా సాగే స్వరాల వరుస అన్నీ అక్కడ దొరుకుతాయి. అది కూడా బాగానే ఉంది గానీ, క్రియ భాగంలోని లోతు దానికి లేదు.

ఇక ఇబ్బందుల విషయానికి వస్తాను. చేతిలో ఒక వాక్యం పట్టుకుని, అందులో ‘రన్’ అంటే ఏమిటో తెలుసుకోవాలని వచ్చిన పాఠకుడికి ఈ నిఘంటువు అంత అనుకూలమైనది కాదు. ఉతికినప్పుడు బట్టల రంగు ‘రన్’ అయిందన్న వాక్యానికి అర్థం వెతికేవాడు, వాడుక నుంచి ఎప్పుడో తొలగిపోయిన అర్థాలను ఎన్నింటినో దాటుకుంటూ పోవాలి. నేడు ఏ అర్థం ఎక్కువగా వాడుకలో ఉందో అర్థాల క్రమాన్ని బట్టి తెలియదు, ఎందుకంటే ఆ క్రమం చరిత్రను అనుసరించినది. పాత ఇంగ్లీషు, మధ్యయుగపు ఇంగ్లీషు ఉదాహరణలు ఆధునిక పాఠకుడికి అర్థం కావు. చరిత్రకారుడికి ఆ వాక్యాలు బంగారమే అయినా, సాధారణ పాఠకుడి కోసం వాటి భావాన్ని ఒక్కొక్క పంక్తిలో ఇచ్చి ఉంటే ఎంతో మేలు జరిగేది.

ఈ లోటును తీర్చేవి విద్యార్థి నిఘంటువులు. వీటికి దారి వేసిన వారిలో ముఖ్యుడు ఎ. ఎస్. హార్న్‌బీ, ఆయన నిఘంటువు 1942లో జపాన్‌లో వెలువడి, 1948లో ఆక్స్‌ఫర్డ్ ప్రచురణగా వచ్చింది. ఏ క్రియ ఏ వాక్యనిర్మాణంలో ఇముడుతుందో చెప్పడం ఆయన ప్రత్యేకత. 1978లో లాంగ్‌మన్ సంస్థ దాదాపు 2,000 తేలిక మాటలతోనే అన్ని పదాలనూ నిర్వచించే నియమం పెట్టుకుంది. ‘రన్’ వంటి పెద్ద పదాల దగ్గర లాంగ్‌మన్ ప్రతి అర్థానికీ ముందు ఒక చిన్న సూచికను ఉంచుతుంది. పాఠకుడు నిర్వచనాలన్నీ చదవకుండా ఆ సూచికల వెంట కళ్లు పరిగెత్తించి తనకు కావలసిన చోట ఆగవచ్చు. ఒక వాక్యాన్ని అర్థం చేసుకోవడానికి ఇంతకంటే వేగవంతమైన దారి లేదు.

అయితే విద్యార్థి నిఘంటువుల్లో నాకు అన్నిటికంటే నచ్చినది కోబిల్డ్. బర్మింగ్‌హామ్ విశ్వవిద్యాలయంలో జాన్ సింక్లెయిర్ నాయకత్వంలో, కంప్యూటర్‌లో పోగుచేసిన వాస్తవ వాక్యాల ఆధారంగా తయారై 1987లో వెలువడిన ఈ నిఘంటువు, పదానికి సమానార్థకం ఇచ్చి ఊరుకోదు. నిర్వచనాన్నే పూర్తి వాక్యంగా రాస్తుంది. ఎవరైనా ఒక వ్యాపారాన్ని ‘రన్’ చేస్తున్నారంటే దాని బాధ్యత వారిదే అన్న తీరులో నిర్వచనం ఉంటుంది. అందువల్ల కర్త మనిషి అనీ, కర్మ ఒక సంస్థ లేదా కార్యక్రమం అనీ వేరే చెప్పనవసరం లేకుండానే తెలుస్తుంది. ఎక్కువ అర్థాలున్న పదం విషయంలో ఈ సమాచారం చాలా విలువైనది, ఎందుకంటే ‘రన్’ అర్థాన్ని చాలాసార్లు నిర్ణయించేది దాని పక్కనున్న మాటే. పక్కన కంపెనీ ఉంటే నిర్వహణ, జ్వరం ఉంటే ఒళ్లు వెచ్చబడటం, ప్రమాదం ఉంటే దానికి సిద్ధపడటం. ‘డ్రై’, ‘షార్ట్’, ‘లో’ వంటి విశేషణాలు పక్కన చేరితే మాత్రం సాధారణంగా ఎండిపోవడం, కొరతపడటం, తరిగిపోవడం అనే అననుకూలమైన మార్పే వస్తుంది. పరభాషలో రాసేవాడికి ఇటువంటి సాహచర్యాలు తెలిసి ఉండటం వందల అర్థాల జాబితా కంటే ఎక్కువగా ఉపకరిస్తుంది.

అవుట్, ఓవర్, డౌన్, అప్, ఇంటూ వంటివి చేరినప్పుడు ఏర్పడే పదబంధాలు మరొక పెద్ద చిక్కు. ‘రన్ ఓవర్’ అంటే వాహనంతో గుద్ది మీదుగా పోనివ్వడం కావచ్చు, కేటాయించిన సమయాన్ని మించిపోవడం కావచ్చు, పాత్ర నిండి పొర్లడం కావచ్చు, పాఠాన్ని మరోసారి త్వరగా చూసుకోవడం కావచ్చు. పైగా కొన్నింటిలో కర్మ మధ్యలో చేరుతుంది, కొన్నింటిలో చేరదు. విద్యార్థి నిఘంటువులు వీటిని పదం చివర విడిగా పేర్చి, కర్మ ఎక్కడ రావాలో కూడా చూపిస్తాయి. ఈ ఒక్క విషయంలో నేను వాటికే పట్టం కడతాను.

మరి ఆక్స్‌ఫర్డ్ ఇంగ్లీష్ డిక్షనరీకి చందా కట్టడం అవసరమా అంటే, పాత పుస్తకాలు చదివేవారికీ అనువాదం చేసేవారికీ తప్పనిసరి అంటాను. పద్దెనిమిదవ శతాబ్దపు రచనలో కొందరు రాత్రివేళ తీరానికి సరుకు ‘రన్’ చేశారని ఉంటే, వారు సుంకం ఎగ్గొట్టి దొంగరవాణా చేశారని అర్థం. ఈ సంగతి తెలియని అనువాదకుడు ‘సరుకు మోసుకుంటూ పరుగెత్తారు’ అని రాసే ప్రమాదం ఉంది. రచన వెలువడిన నాటికి ఏ అర్థం వాడుకలో ఉందో ఇక్కడి తేదీలు చెప్పినట్లు మరే నిఘంటువూ చెప్పదు. దీనితో అనుసంధానమైన చారిత్రక పర్యాయపద కోశం మరొక గొప్ప వసతి. గ్లాస్గో విశ్వవిద్యాలయంలో 1965లో ప్రారంభమై 2009లో ప్రచురితమైన ఆ కోశం సాయంతో, ఒక అర్థం దగ్గర నిలబడి, అదే భావానికి ఏయే శతాబ్దాల్లో ఏయే మాటలు వాడారో చూడవచ్చు.

ఇంగ్లీషు నేర్చుకునే దశలో ఉన్నవారు మాత్రం చందా గురించి ఆలోచించనవసరం లేదు. లాంగ్‌మన్, కేంబ్రిడ్జ్, కాలిన్స్, ఆక్స్‌ఫర్డ్ విద్యార్థి నిఘంటువులు ఆన్‌లైన్‌లో ఉచితంగానే చూడవచ్చు. చరిత్ర తెలుసుకోవాలన్న కోరిక కలిగినవారు ముందుగా తమ గ్రంథాలయానికో విశ్వవిద్యాలయానికో పెద్ద నిఘంటువు చందా ఉందేమో విచారించడం మంచిది. చాలా సంస్థలు తమ సభ్యులకు ఈ సదుపాయం కల్పిస్తున్నాయి. ప్రవేశం దొరికాక ‘రన్’ను మొదటి నుంచి చివరి వరకు ఏకబిగిన చదవబోకండి. వ్యుత్పత్తి భాగాన్ని పూర్తిగా చదివి, శాఖల శీర్షికలను ఒకసారి చూసుకుని, తరువాత యంత్రాల శాఖలోకో కాలానికి సంబంధించిన శాఖలోకో వెళ్లి, అక్కడి ఉదాహరణలను తేదీల వరుసలో చదవండి.