స్ట్రాబెర్రీకి బూజు: మందు పొట్లమా, కత్తెరా?

హనుమకొండ, వరంగల్‌లలో మిద్దె మీద స్ట్రాబెర్రీ పెంచేవారికి డిసెంబరు, జనవరి నెలలు మంచి కాత కాలం. బూజుకూ అదే అదను. తెల్లవారుజామున చలి 15 డిగ్రీల దరిదాపులకు దిగుతుంది, పూల మీద పడ్డ మంచు పొద్దెక్కినా ఆరదు. బోట్రైటిస్ అనే శిలీంధ్రానికి ఆ తడి, ఆ చల్లదనం చాలు. పండు మీద గోధుమ రంగు మెత్తటి మచ్చ పడుతుంది, రెండు మూడు రోజుల్లో దాని మీద బూడిద రంగు నూగు లేస్తుంది.

దుకాణానికి వెళ్లే ముందు ఇది బూడిద తెగులు కాదని చూసుకోండి. ఆ తెగులులో ఆకుల అంచులు పైకి ముడుచుకుని, అడుగున తెల్లటి పొడి కనిపిస్తుంది. దానికి గంధకం వాడతారు. పండు మీది ఈ బూజును గంధకంతో అదుపు చేయలేం.

ఎక్కువమంది ముందు అడిగేది రసాయన మందే. కార్బెండజిమ్ ఎక్కడైనా దొరుకుతుంది కానీ, ఈ బూజు దానికి లొంగకపోవడం 1970ల నుంచే తెలిసిన సంగతి. క్యాప్టాన్ అంతకంటే నయం. అయితే అది రాబోయే తెగులును ఆపగలదే తప్ప, బూజు పట్టిన పండును బాగుచేయలేదు. పైగా స్ట్రాబెర్రీకి ఒలిచి పారేసే తొక్క లేదు. పిల్లలు కుండీ దగ్గరే కోసుకుని నోట్లో వేసుకునే పండు మీద మందు కొట్టడం నాకు ససేమిరా ఇష్టం లేదు. ముసురు పట్టి పూతంతా పోయేలా ఉంటేనే, పండ్లు లేనప్పుడు, పొట్లం మీది మోతాదునూ కోతకు ఆగాల్సిన గడువునూ పాటిస్తూ వాడాలి.

ట్రైకోడెర్మా అనే మేలుచేసే శిలీంధ్రం, బాసిల్లస్ సబ్టిలిస్ అనే బ్యాక్టీరియా వంటి జీవ మందులు ఇంటి తోటకు తగినవి. కానీ ట్రైకోడెర్మాను పశువుల ఎరువులో కలిపి కుండీలో వేసి ఊరుకుంటే వేరుకు మేలు జరుగుతుందేమో గాని, పండుకు రక్షణ రాదు. బూజు సోకేది చాలావరకు పూత దశలోనే. పువ్వులో చేరి, కాయ పండే దాకా నక్కి ఉంటుంది. కాబట్టి పూలు విచ్చుకుంటున్నప్పుడే వాటి మీద పడేలా పిచికారీ చేయాలి. ఇవి ప్రాణమున్న సరుకు, తయారీ తేదీ చూడకుండా కొనకండి. కార్బెండజిమ్‌తో కలిపితే ట్రైకోడెర్మా చచ్చిపోతుంది.

అయినా నా ఓటు కత్తెరకే. ఉదయం మంచు ఆరాక ఒక్కో గుత్తినీ ఎత్తి చూడండి. పండు భుజాల మీద, పచ్చటి రేకుల కింద, ఎండిన పూరెక్క అతుక్కుని ఉంటుంది. మచ్చ తరచుగా మొదలయ్యేది అక్కడే. ఆ రెక్కను గోటితో తీసేయండి. నూగు పట్టిన పండునైతే కదిలించకుండా ముందు ప్లాస్టిక్ సంచి తొడిగి, తర్వాత తొడిమ కత్తిరించండి. లేకపోతే ఆ పొడి లేచి పక్క పూల మీద వాలుతుంది. సంచిని ముడివేసి చెత్తలో పడేయాలి, ఎరువు గుంతలో వేయకూడదు. ఎండుటాకులు తీసి, మొక్కల మధ్య గాలి ఆడనిస్తే సగం పని అయినట్టే. సాయంత్రం పైపుతో మొక్కంతా తడపడం మానేసి, పొద్దున మొదట్లోనే నీళ్లు పోయండి.

మడుల్లో పెంచేవారు పండు మట్టికి తగలకుండా వరిగడ్డి పరచాలా, ప్లాస్టిక్ షీటు వేయాలా? వానాకాలం వరి కోతలయ్యాక మన దగ్గర గడ్డికి కొదవ లేదు. నేనైతే గడ్డే పరుస్తాను. అది ముక్కిపోతే మాత్రం వెంటనే మార్చాలి. అంత తీరిక లేనివారికి షీటే మేలు. కుండీలో పండు అంచు దాటి గాలిలో వేలాడుతుంది కాబట్టి రెండూ అక్కర్లేదు.

కోసిన పండ్లను కడగకుండానే ఫ్రిజ్‌లో పెట్టండి, తినే ముందే కడగండి. ఈ బూజు ఫ్రిజ్ చలిలోనూ మెల్లగా పెరుగుతుంది, కాబట్టి మచ్చ ఉన్నదాన్ని మంచివాటితో కలపకండి. ఫిబ్రవరి చివర ఎండలు ముదిరితే తెగులు దానంతటదే తగ్గుముఖం పడుతుంది. అకాల వాన పడితే తప్ప అప్పుడిక ఏ మందూ కొనక్కర్లేదు.