ముర్రే నదిలో తెడ్డు వేస్తూ: యారవాంగా నుంచి స్వాన్ హిల్ దాకా, విరాళాల కోసం

ముర్రే నది మీద పడవ వేసుకెళ్లి విరాళాలు పోగుచేయడం ఆస్ట్రేలియాలో కొత్తేమీ కాదు. 1969లో కొందరు మిత్రులు రెడ్ క్రాస్ కోసం యారవాంగా నుంచి స్వాన్ హిల్ దాకా తెడ్లు వేసుకుంటూ వెళ్లారు. అదే తర్వాత మాసివ్ ముర్రే ప్యాడిల్ అనే ఐదు రోజుల రేసుగా మారింది. రేసు దూరం 404 కిలోమీటర్లు. నది వెంట ఆ రెండు ఊళ్ల మధ్య దూరం మాత్రం 550 కిలోమీటర్లకు పైనే, అంటే రేసువాళ్లు మధ్యలో కొంత వదిలేస్తారన్నమాట. మేం రేసులో చేరలేదు. మార్చిలో సెలవులు కుదుర్చుకుని, ఆ వదిలేసే ముక్కతో సహా మా పద్ధతిలో మేం వెళ్లాం. నేనూ, మా బావమరిదీ ఇద్దరు కూర్చునే కయాక్‌లో. మా ఆవిడ ఒడ్డున కారులో.

ముందు డబ్బు సంగతి. చాలా కంపెనీలు "చారిటీ యాత్ర" పేరుతో ప్యాకేజీలు అమ్ముతాయి. మీరు పోగుచేసిన విరాళంలోంచే మీ గైడు ఖర్చు, బస ఖర్చు, భోజనం ఖర్చు పోతాయి. దాత ఇచ్చిన డబ్బుతో మనం విహారయాత్ర చేసినట్టే అది. నాకు నచ్చదు. ప్రయాణం ఖర్చు ప్రతి డాలరూ మేమే పెట్టుకున్నాం, ఆ మాట విరాళాల పేజీలో మొదటి వాక్యంగా రాశాం. దానివల్లే ఇచ్చామని తర్వాత చాలామంది చెప్పారు.

డబ్బు రాయల్ ఫ్లయింగ్ డాక్టర్ సర్వీస్‌కి. 1928లో క్వీన్స్‌లాండ్‌లోని క్లాన్‌కరీలో మొదలైన సంస్థ ఇది. పేరులో విమానం ఉన్నా, ఈ నదికి దక్షిణాన ఉన్న విక్టోరియా రాష్ట్రంలో రోగులను ఆసుపత్రులకు తరలించే వాహనాలు, పల్లెలకు వెళ్లి పళ్లు చూసే క్లినిక్‌లు కూడా వీళ్ల పనే. నది పక్క ఊళ్లకు ఇలాంటి సేవ ఎంత అవసరమో అక్కడ తిరిగితే తెలుస్తుంది. "మన ఉద్దానం కిడ్నీ రోగులకు పంపొచ్చుగా?" అని మెల్‌బోర్న్ తెలుగువాళ్లు కొందరు అడిగారు. న్యాయమైన ప్రశ్నే. కానీ మా దాతల్లో ఎక్కువమంది ఆస్ట్రేలియా పౌరసత్వం తీసుకున్నవాళ్లు. వాళ్ల డబ్బు ఇండియాలో విదేశీ విరాళం కిందికి వస్తుంది. విదేశీ విరాళాల చట్టం (ఎఫ్‌సీఆర్‌ఏ) కింద రిజిస్ట్రేషన్ ఉన్న సంస్థకే ఇవ్వాలి, 2020 సవరణ తర్వాత ఆ డబ్బు ఢిల్లీలోని స్టేట్ బ్యాంక్ ప్రధాన శాఖ ఖాతాలోనే పడాలి. అదే ఆస్ట్రేలియాలో అర్హత ఉన్న సంస్థకి ఇస్తే రెండు డాలర్ల నుంచే పన్ను మినహాయింపు రసీదు వస్తుంది. ఉద్దానానికి ఇంకో దారి చూడాలి, అది వేరే కథ.

విరాళాలు తీసుకునే వెబ్‌సైట్లను ఒకటికి రెండు పోల్చి చూసుకోండి. కొన్నింటిలో డబ్బు కట్టేచోట వెబ్‌సైట్‌కి "టిప్" అని ఒక శాతం ముందే టిక్ పెట్టి ఉంటుంది. పెద్దవాళ్లు అది గమనించకుండా కట్టేస్తారు. అలాగే సంస్థ పేరూ లోగో వాడుకోవాలంటే ముందుగా వాళ్ల దగ్గర నమోదు చేసుకుని అనుమతి పత్రం తీసుకోవాలి. ఇంకో నిజం: కిలోమీటరుకి ఇంత అని రాసిచ్చిన హామీలకంటే, బయల్దేరే ముందు వారాంతంలో స్థానిక కౌన్సిల్ అనుమతి తీసుకుని అమ్మిన బిర్యానీ ప్యాకెట్లకే ఎక్కువ వచ్చింది. "బావా, మనం నదిలోకి దిగకపోయినా సరిపోయేది" అని బావమరిది దారి పొడుగునా దెప్పాడు.

కయాక్ అద్దెకు తీసుకున్నాం. షాపు పేరు చెప్పను గానీ, వెనక సామాను అర మూత రబ్బరు చిట్లిపోయినదాన్ని అంటగట్టారు. మొదటి మధ్యాహ్నానికే స్లీపింగ్ బ్యాగులు తడిశాయి. ఫోన్ చేస్తే "నదిలో కదా, కొంచెం తడి మామూలే" అన్నారు. అద్దెకు తీసుకునేటప్పుడు అరలు మూసి, పైనుంచి బకెట్టుతో నీళ్లు పోయించి చూడండి. మొహమాటం వద్దు. సామాను అన్నిటికీ డ్రై బ్యాగులు తప్పనిసరి.

మార్చి ఎందుకంటే, ఈ నది మన గోదావరికి తలకిందులు. గోదావరి ఆగస్టులో పొంగుతుంది, వేసవిలో ఇసుక తేలుతుంది. ముర్రేలో హ్యూమ్ జలాశయం నుంచి సాగుకు వదిలే నీరు వల్ల ఎండాకాలంలోనే వాలు బాగుంటుంది. జనవరి ఎండల్లో మాడిపోతాం, మార్చికి ఎండ తగ్గుతుంది, నీరు ఇంకా ఉంటుంది. తెడ్డు ఆపినా పడవ ముందుకు పోతూనే ఉంటుంది.

యారవాంగాలో 1939లో పూర్తయిన ఆనకట్ట, దాని పైన ముల్వాలా సరస్సు. సరస్సులో ఎండిన చెట్ల మోళ్లు, స్పీడ్ బోట్లు. దాంతో మనకు పనిలేదు, ఆనకట్టకు దిగువన దిగాలి. ముందు రాత్రి ఊళ్లో క్యారవాన్ పార్క్ క్యాబిన్ తీసుకున్నాం. శుభ్రంగా ఉంది, వంటగది ఉంది, అద్దె మాత్రం మోటెల్‌తో సమానం. మొదటి రాత్రి బాగా నిద్రపోవడానికి అది పెట్టదగిన ఖర్చే.

అక్కడినుంచి టోకమ్‌వాల్ దాకా నది విశాలం, వంపు వంపుకీ తెల్లటి ఇసుక తిన్నె. ఒడ్డున చెట్లకు కిలోమీటర్ల బోర్డులు కొట్టి ఉంటాయి, సముద్రం ఇంకా ఎంత దూరమో చెబుతూ. రెండు వేలకు కాస్త తక్కువలో మొదలవుతాం కాబట్టి మొదట్లో ఆ అంకెలు చూస్తే నీరసం వస్తుంది. కోబ్రమ్ దగ్గర థాంప్సన్స్ బీచ్ పేరున్న చోటు, కానీ వారాంతంలో అక్కడ ఆగకండి. పాటల గోల, జెట్ స్కీల అలలు. టోకమ్‌వాల్ దాటాక ఉలుప్నా దీవి. కొమ్మల్లో కోలాలు కనిపిస్తాయి, సాయంత్రం కంగారూలు నీటి దాకా వస్తాయి. అక్కడి ఇసుక మీద వేసిన గుడారానికి పైసా ఖర్చు లేదు, మొత్తం యాత్రలో నాకు అన్నిటికంటే నచ్చిన బస అదే.

గుడారం ఎక్కడ వేయాలో మాత్రం జాగ్రత్త. ఈ ఒడ్డుల్లో ఉండేవి రివర్ రెడ్ గమ్ అనే యూకలిప్టస్ చెట్లు. గాలి లేకపోయినా, ఎండగా ఉన్న రోజున కూడా, పెద్ద పెద్ద కొమ్మలు ఉన్నట్టుండి విరిగి పడతాయి. నీడ చూసి మురిసిపోయి దాని కింద పడుకుంటే అంతే సంగతులు. నీటిలో కూడా ప్రమాదం ఈ చెట్లదే. ఒడ్డు కోసుకుపోయి పడిన మానులు వంపు బయటివైపు ఉంటాయి, వాలు మనల్ని సరిగ్గా అటే లాగుతుంది, కొమ్మల సందుల్లోకి నెడుతుంది. వంపు ఎప్పుడూ లోపలి వైపు నుంచి తిరగాలి. ఒకప్పుడు స్టీమర్లకు అడ్డమని దుంగలన్నీ పీకించారు. ముర్రే కాడ్ చేపలకు అవే ఇళ్లని తెలిశాక, కొన్ని చోట్ల మళ్లీ తెచ్చి వేస్తున్నారు. చేపలు పట్టే ఉద్దేశం ఉంటే, విక్టోరియా ఒడ్డున కూర్చున్నా న్యూ సౌత్ వేల్స్ లైసెన్సే కావాలి. సరిహద్దు దక్షిణపు గట్టు అంచున ఉంది, నది మొత్తం వాళ్లదే.

టోకమ్‌వాల్ చిన్న ఊరు, కాడ్ చేప పెద్ద బొమ్మ, మంచి బేకరీ కాఫీ. సరుకులు నింపుకోవడానికి బాగుంటుంది. శాకాహారులకు పబ్బుల్లో దొరికేది చిప్సే అనుకోండి. మా ఆవిడ ఒక రోజు షెప్పర్టన్ వెళ్లి ఇండియన్ దుకాణంలో అటుకులు, పెరుగు, పచ్చిమిర్చి తెచ్చింది. ఆ సాయంత్రం ఇసుక మీద తిన్న పెరుగన్నానికి ఏ పబ్బు భోజనమూ సాటి రాలేదు.

ఇక అసలు నది. టోకమ్‌వాల్ దాటాక బార్మా, మిల్లెవా అడవుల మధ్యకు వెళతాం. ప్రపంచంలో అతి పెద్ద రెడ్ గమ్ అడవి ఇదే. రెండు వైపులా 2010లో జాతీయ పార్కులుగా ప్రకటించారు. ఇది యోర్టా యోర్టా ప్రజల భూమి, వాళ్లకు ఈ నది ధుంగాలా. బార్మాలో వాళ్లు చూసుకునే ధర్న్యా సెంటర్‌లో ఒక పూట గడపండి. నదిని మనం చూసే తీరు మారుతుంది.

పిక్నిక్ పాయింట్ దగ్గర నది ఒక్కసారిగా ఇరుకైపోతుంది. దాన్నే బార్మా చోక్ అంటారు. వేల ఏళ్ల కిందట ఇక్కడ నేల పైకి లేచి నది దారి మళ్లింది, కొత్త దారి ఇంకా సన్నగానే ఉంది. ఎగువన బంగారు గనుల కాలంలో కొట్టుకొచ్చిన ఇసుక అడుగున పేరుకుని దాన్ని ఇంకా తగ్గిస్తోంది. కిందనున్న రైతులకు ఎన్ని నీళ్లు పంపగలరనేది ఈ ఇరుకు మీదే ఆధారపడుతుంది. కయాక్‌లో వెళ్లేవాడికి మాత్రం ఇది స్వర్గం. నీరు గట్టుతో సమానంగా ఉంటుంది, రెల్లు గడ్డి చెవులకు తగులుతుంది, తెల్ల రొమ్ము గద్దలు తల మీదే తిరుగుతాయి. ఇబ్బందల్లా ఒకటే, దిగడానికి చోటు ఉండదు. పిక్నిక్ పాయింట్‌లో పొద్దున్నే కడుపు నింపుకుని, నీళ్లు పట్టుకుని బయల్దేరండి. అక్కడి క్యారవాన్ పార్క్ పాతకాలపుది, స్నానాల గదులు అంతంత మాత్రం, కానీ నడిపే పెద్దావిడ మా జెండా చూసి టెంటు అద్దె తీసుకోలేదు. ఆ మొత్తాన్ని విరాళాల్లో ఆమె పేరు రాయకుండా జమ చేశాం.

దోమల గురించి నవ్వుతూ చెప్పే విషయం కాదు. 2022లో జపనీస్ ఎన్‌సెఫలైటిస్, మనకు తెలిసిన మెదడువాపు జ్వరమే, ఈ నది ప్రాంతాల్లోనూ కనిపించింది. అర్హత ఉన్నవాళ్లకు విక్టోరియాలో టీకా ఉచితం. బయల్దేరడానికి కొన్ని వారాల ముందే డాక్టర్ని అడగండి. సూర్యాస్తమయానికి పొడుగు చేతుల చొక్కా వేసుకోవాల్సిందే.

అడవిలో ఫోన్ విషయానికొస్తే, టెల్‌స్ట్రా సిమ్ చాలా చోట్ల పనిచేసింది, బావమరిది చవక సిమ్ ఊరు దాటగానే మూగబోయింది. అయినా ఫోన్‌ని నమ్ముకోలేం. ఆపదలో ఉపగ్రహం ద్వారా సంకేతం పంపే పీఎల్‌బీ అనే చిన్న బీకన్ అద్దెకు దొరుకుతుంది. కొనుక్కుంటే ఆస్ట్రేలియా సముద్ర భద్రతా సంస్థ ఆంసాలో నమోదు ఉచితం. మనం ఉన్న చోటు చూపించే ఎమర్జెన్సీ ప్లస్ యాప్ వేసుకోండి. నిప్పు రాజేసే ముందు ఆ రోజు ఫైర్ బ్యాన్ ఉందేమో విక్టోరియా ప్రభుత్వ హెచ్చరికల సైట్ విక్‌ఎమర్జెన్సీలో చూడండి, ఎదుటి ఒడ్డున పడుకుంటే న్యూ సౌత్ వేల్స్ నిబంధనలు కూడా.

ఎచూకాలో ఒక రోజు ఆగాం. 1865 నాటి రేవు, 1866లో కట్టిన పీఎస్ అడిలైడ్ ఇంకా ఆవిరితో నడుస్తోంది. స్టీమరు వస్తుంటే కుడి గట్టుకి తప్పుకుని దాని అలకి ఎదురుగా పడవ ముక్కు పెట్టాలి. హోటళ్లు ఖరీదు, భోజనం బాగుంటుంది. విరాళాల డబ్బా పట్టుకుని రేవు దగ్గర నిలబడే ఆలోచన ఉంటే ముందు కౌన్సిల్‌ని అడగాలి. మేం అడిగాం, ఒప్పుకున్నారు, ఆ రోజు వచ్చిన చిల్లర డబ్బా మోయలేనంత.

ఎచూకా నుంచి టొరంబరీ ఆనకట్ట దాకా నీరు నిలవ. వాలు లేదు, ఎదురుగాలి, హౌస్ బోట్లు, స్కీ పడవలు. ఫిబ్రవరిలో ఇక్కడే సదరన్ 80 స్కీ రేసు జరుగుతుంది, ఆ వారం అసలు రావద్దు. భుజాలు పడిపోయాయి. ఇంకోసారి వెళితే ఈ ముక్క కారులో దాటేస్తాను. టొరంబరీలో 26వ నంబరు లాకు ఉంది. ధవళేశ్వరం లాకులు చూసి పెరిగినవాణ్ణి కాబట్టి తలుపులు మూసుకుని నీరు దిగుతుంటే నాకు కొత్తగా అనిపించలేదు గానీ, బావమరిది ఆపకుండా వీడియో తీశాడు. పనివేళలు ముందే ఫోన్ చేసి కనుక్కోండి.

తర్వాత గన్‌బవర్ అడవి పక్కన నది మళ్లీ ఇరుకై అందంగా మారుతుంది, జనం ఉండరు. కూండ్రుక్, బారమ్ జంట ఊళ్లు. మధ్యలో పాత ఎత్తుడు వంతెన, ఒడ్డునే చవకైన పార్క్, వేడినీళ్లు ధారాళం. ఆ పైన మురబిట్ మీదుగా స్వాన్ హిల్ దాకా గట్లు, వంపులు, పొలాల మోటార్ల చప్పుడు. చెప్పుకోదగ్గదేం లేదు.

అన్ని సేవల్లోకీ విలువైనది ఒడ్డున కారు. నీళ్లు, బ్యాటరీలు, తడిసిన స్లీపింగ్ బ్యాగులు ఆరబెట్టడం, రోజూ విరాళాల పేజీలో రెండు ఫోటోలు పెట్టడం అన్నీ మా ఆవిడే చూసింది. ఆ ఫోటోలు పెట్టిన రోజే డబ్బు వచ్చేది. ఎవరూ దొరక్కపోతే వంతులు వేసుకోండి: ఎచూకాకీ, స్వాన్ హిల్‌కీ మెల్‌బోర్న్ నుంచి వీ/లైన్ అనే ప్రాంతీయ సంస్థ రైలు ఉంది, 2023 నుంచి ఊళ్ల రైళ్లకూ నగరంలో రోజు టికెట్‌కి ఉన్న గరిష్ఠ ధరే. ఒకరు రైల్లో వచ్చి దిగితే ఇంకొకరు అదే రైల్లో వెళ్లిపోవచ్చు. నాలుగైదు రోజులే సెలవు దొరికితే మాత్రం టోకమ్‌వాల్‌లో దిగి ఎచూకాలో తేలండి.