విల్లా, కత్తా? సివిలైజేషన్ 6లో తొలి యుద్ధం

కడపలో మా మిద్దె మీద కూర్చుని, రాజ్యం కట్టి పక్కవాళ్లతో పోరాడే ఈ వీడియో గేమ్ ఆడేటప్పుడు నాకూ మా తమ్ముడికీ తెగని వాదన ఇదొక్కటే. పక్క రాజ్యం మీదికి విలుకాళ్లతో వెంటనే పోవాలా, కత్తివీరులు తయారయ్యేదాకా ఆగాలా?

వాడిది విల్లు దారి. ముందు ముగ్గురు వడిసెల వాళ్లను చేస్తాడు. ఒక్కొక్కరికి 35 ఉత్పత్తి (ఊరు దేన్నైనా తయారుచేయడానికి పెట్టే శ్రమ) చాలు, నేరుగా విలుకాణ్ణి చేస్తే 60 అవుతుంది. వడిసెలతో ఒక శత్రువును చంపితే విలువిద్య త్వరగా వస్తుంది, ఆపైన బంగారం ఇచ్చి వాళ్లనే విలుకాళ్లుగా మార్చుకోవచ్చు. రెండు గడుల దూరం నుంచి కొట్టడం పెద్ద లాభం. కానీ ఊళ్లోకి అడుగుపెట్టాల్సింది మాత్రం దగ్గరుండి పోరాడేవాడే. మొన్న వాడు ఎదుటి రాజధాని బలాన్ని సున్నాకు తెచ్చాడు. సరిగ్గా అప్పుడే ఉన్న ఒక్క యోధుడూ చచ్చిపోయాడు. ఇంకొకణ్ణి పంపేలోపు ఊరు కోలుకుంది. ఆ టెన్షన్ చూసి నాకే బాధేసింది. ఇద్దరు యోధుల్ని వెనక దాచుకోవాల్సింది.

నాది కత్తి దారి. దీనికి ఇనుము దొరకాలి, లేకపోతే అంతా వృథా.

తేడా తేలేది గోడ దగ్గరే. గండికోట చూసినవాళ్లకు గోడ విలువ చెప్పక్కర్లేదు. గోడ లేస్తే బాణాలు గీరడమే తప్ప త్వరగా పగలగొట్టవు. కత్తివీరుల పక్కన గోడలు బద్దలుకొట్టే దూలం ఒకటి ఉంటే దెబ్బ పూర్తిగా తగులుతుంది.

పక్కవాడు దగ్గరగా ఉండి, గోడ ఇంకా లేవకపోతే నేనూ తమ్ముడి దారే పడతాను.