బుడగల గాలి పరుపు: ఏళ్ల తరబడి వాడకం చూశాక

పక్షవాతం వచ్చినవాళ్లకు, తుంటి విరిగి మంచం పట్టిన పెద్దవాళ్లకు పడక పుండ్లు పడకుండా ఈ పరుపు కొనొచ్చా? కొనొచ్చు. చవక, పనికొస్తుంది. కానీ ఒత్తిగిలించే పనిని మాత్రం తప్పించదు. పరుపు ఉంది కదా అని రాత్రంతా వెల్లకిలా వదిలేస్తే తోక ఎముక దగ్గర పుండు పడుతుంది. రెండు గంటలకోసారి పక్క మార్చాల్సిందే. పూర్తిగా పక్కకు తిప్పితే బరువంతా తుంటి ఎముక మీద పడుతుంది కాబట్టి వీపు వెనక దిండు పెట్టి 30 డిగ్రీలు వాల్చితే చాలు.

మామూలు పరుపు మీద, బుడగలు పైకి ఉండేలా దీన్ని పరిచి, పంపును కాళ్లవైపు మంచానికి తగిలించాలి. ఒక వరుస ఉబ్బినప్పుడు పక్క వరుస తగ్గుతుంది. దాదాపు పది నిమిషాలకు అటుదిటు అవుతుంది. ఎంతసేపు చూసినా రెండు వరుసలూ గట్టిగానే ఉంటే పంపు గాలిని మార్చడం లేదన్నమాట. సగమే ఉబ్బితే ముందు పైపు ఎక్కడైనా నలిగిందేమో చూడండి.

గాలి సరిపోయిందో లేదో చేత్తోనే తెలుస్తుంది. మనిషి పడుకున్నాక, తోక ఎముకకు సూటిగా, గాలి పరుపు అడుగున అరచేయి దూర్చండి. ఎముక తగిలితే గాలి చాలదు, మధ్యలో కనీసం అంగుళం మందం ఉండాలి. అలాగని పంపు మీద గాలి పెంచే నాబ్‌ను చివరిదాకా తిప్పితే పరుపు బల్లలా బిగుసుకుని ఒత్తిడి మళ్లీ పెరుగుతుంది.

పైన ఒక్క పలచని నూలు దుప్పటే వేయాలి. బొంత, రబ్బరు షీటు, మడతలేసిన పాత చీర వేశారా, బుడగలు చేసే మేలు పోతుంది. ఎండాకాలంలో ఈ పరుపు పీవీసీ ప్లాస్టిక్ మీద వీపు చెమటకు నానుతుంది. నా లెక్కన దీని పెద్ద లోపం ఇదే. కరెంటు పోతే గాలి దిగిపోతుంది కనుక పంపును ఇన్వర్టర్ లైనుకు కలపండి.

మడమలను ఈ పరుపు కాపాడదు. పిక్కల కింద పొడవునా దిండు పెట్టి మడమలు దేనికీ ఆనకుండా చూడాలి. తలవైపు 30 డిగ్రీలకు మించి ఎత్తితే ఒళ్లు కిందికి జారి, చర్మం లోపల రాపిడికి చిరుగుతుంది.

రోజూ ఎముక పొడుచుకొచ్చే చోట్లన్నీ చూడండి. ఎర్రబడ్డ చోట వేలితో నొక్కి వదిలినా తెల్లబడకపోతే పుండు మొదలైనట్టే. నల్లని ఒంటిమీద ఎరుపు తేలిగ్గా కనబడదు. అక్కడ వేడి, గట్టిదనం తడిమి చూడాలి. ఆ చోట మర్దన చేయొద్దు, గుండ్రటి రింగు దిండు అసలే వద్దు. ఆ రింగు చుట్టూ నొక్కి రక్తం అందనివ్వదు.

చర్మం తెగి లోపలి కొవ్వు కనబడినా, నల్లటి పొర కట్టినా వెంటనే డాక్టరుకు చూపించాలి. అలాంటి పుండు ఉన్నవారికి, బాగా బరువున్నవారికి ఈ బుడగల రకం చాలదు, పొడవాటి గాలి గొట్టాలుండే మందపాటి పరుపే తీసుకోవాలి.